రిమార్కుల గడి

మా బామ్మర్ది నా పరువు తీశాడు. ఇది నా అభిప్రాయం కాదు, జరిగిన సంగతి. వీధి వీధంతా సాక్ష్యం.

ఆ ఎండాకాలం మొదట్లో, ఒక ఆదివారం పొద్దున సెలూను కుర్చీలో కూర్చున్నాను. కుడి చెంప గీయడం అయింది. ఎడమ చెంప మీద నురగ అలాగే ఉంది. అద్దం ముందు పెట్టిన సెలూనతని ఫోను మోగింది. కత్తి పక్కన పెట్టి అతను ఫోను అందుకున్నాడు. అంతలోనే నా గుండె, ఎవరో వెనకాల పడి తరుముతున్నట్టు కొట్టుకోవడం మొదలెట్టింది. ముచ్చెమటలు పోశాయి. ఎడమ చెయ్యి తిమ్మిరెక్కింది. గాలి లోపలికి పోతోంది గానీ చాలడం లేదు. నా వంతు వచ్చేసిందనుకున్నాను. మా ఆవిడ పోయి అప్పటికి ఏడాదికి పది రోజులు తక్కువ. ఆవిడనీ గుండే తీసుకుపోయింది.

మా బామ్మర్ది లాండ్రీ వ్యాను నడుపుతాడు. నేను అదే లాండ్రీలో బాయిలర్ ఆపరేటర్ని. ఊళ్ళో ఉన్న ఆస్పత్రుల దుప్పట్లూ, హోటళ్ళ దుప్పట్లూ ఉతికే పెద్ద లాండ్రీ. వాణ్ణి అందరూ హారన్ అంటారు. వ్యాను హారన్ కంటే వాడి నోరే ముందు వినిపిస్తుంది. మా ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు. పదేళ్ళప్పుడు అక్క కొంగు పట్టుకుని మా ఇంటికి వచ్చి, నలభై దాటినా మేడమీద గది వదల్లేదు. పెళ్ళి చేసుకోరా అంటే అక్కలాంటిది దొరికితే చూద్దాం అనేవాడు. దొరకదని వాడికి తెలుసు.

సెలూనతను కేక పెట్టగానే హారన్ ఊడిపడ్డాడు. వ్యానులోంచి దుప్పట్లు తోసే బండి దింపాడు. నన్ను మడిచి అందులో కుదేశాడు. ఎండ తగలకూడదని పైన తెల్ల దుప్పటి కప్పాడు. తలతో సహా కప్పాడు. వ్యాను సందులోకి రాదు కాబట్టి, మా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా “మా బావ! అయ్యో మా బావ!” అని అరుచుకుంటూ ఆ బండి తోసుకుపోయాడు.

వీధి ఏమనుకుంటుంది? అదే అనుకుంది.

ఆస్పత్రిలో ఛాతీకి వైర్లు తగిలించారు. రక్తం తీశారు. గంట ఆగి మళ్ళీ తీశారు. ఒక డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, నిదానంగా మాట్లాడే మనిషి.

“గుండె బావుందండీ. రక్తపరీక్ష కూడా బావుంది. మీకు వచ్చింది పానిక్ ఎటాక్.”

“అంటే?”

“ఒంట్లో అలారం లాంటిదొకటి ఉంటుంది. ప్రమాదం వస్తే మోగాలి. ఒక్కోసారి ఏ ప్రమాదమూ లేకుండానే మోగేస్తుంది. భయం అన్నమాట.”

“నాకు భయమా? ముప్పై ఒక్క ఏళ్ళుగా బాయిలర్ పక్కన కూర్చుంటున్నానమ్మా.”

“కూర్చుంటారు. అయినా వస్తుంది. పది నిమిషాల్లో బాగా పైకి ఎక్కుతుంది, తర్వాత దానంతట అదే దిగుతుంది. చచ్చిపోతున్నట్టు ఉంటుంది గానీ దానివల్ల చచ్చిపోరు.”

“మందేమిటి?”

“ముందు నాకొక పని చేసిపెట్టండి. వచ్చినప్పుడల్లా టైము రాయండి. ఏమేం అనిపించింది, ఎంతసేపు ఉంది, ఎప్పుడు దిగింది, దానికి ముందు ఏం జరిగింది. వచ్చినప్పుడు లేచి పారిపోకండి. గాలి గబగబా పీల్చొద్దు. నెమ్మదిగా వదలండి, వేడి టీ ఊదుకున్నట్టు. చుట్టూ ఉన్న వస్తువులు చూసి, అవేమిటో మీకు మీరే చెప్పుకోండి.”

“నేను ఊదమన్నా ఊదుతాను డాక్టర్ గారూ,” అన్నాడు హారన్.

“మీరు బయట కూర్చోండి.”

ఆమె మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది అప్పుడే.

మొత్తానికి ఏమీ లేదు పొమ్మన్నారు. ఏమీ లేదట. ఒక చెంప నున్నగా, ఒక చెంప ఎండిన నురగతో నడుచుకుంటూ వీధి మలుపు తిరిగాను. సెలూను షట్టరు దించి ఉంది. దాని మీద కాగితం: ‘ఆప్తుడి మరణం వల్ల ఈరోజు సెలవు.’ మా ఇంటి ముందు కుర్చీలు వేశారు. ఎదురింటాయన ఇంకో రెండు కుర్చీలు తెస్తూ నన్ను చూసి, ఒకటి తన కాలి మీదే వేసుకున్నాడు.

“మీరు… అదేంటండీ, మీరు…”

“ఇంకా లేదు,” అన్నాను.

పంతొమ్మిది మంది వచ్చారు. ఎవరెవరు వచ్చారో చూసుకున్నాను. ఎవరెవరు రాలేదో కూడా చూసుకున్నాను. మనిషికి ఆ అవకాశం మామూలుగా దొరకదు. రానివాళ్ళ పేర్లు నాకు ఈనాటికీ గుర్తే. సెలూనతణ్ణి మిగిలిన చెంప గీయమని అడిగితే, “ఇవాళ సెలవని రాసి అంటించేశానండీ, రేపు రండి,” అన్నాడు. తెల్లారేదాకా సగం గడ్డంతోనే ఉన్నాను.

ఆ రోజు నుంచి హారన్ నాకు కాపలా. నా చుట్టూ గుసగుసగా మాట్లాడటం మొదలెట్టాడు. వాడి గుసగుస పక్కింటికి వినిపిస్తుంది. “మా బావకి శబ్దం పడదు” అని కూరగాయల బండివాణ్ణి వీధిలోకి రానివ్వకుండా గొడవ పెట్టుకున్నాడు. ఆ గొడవ ఊరంతా విన్నది. ఒక మధ్యాహ్నం నిద్రలోంచి లేచేసరికి నా ముక్కు కింద చేతి అద్దం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

“ఏంట్రా ఇది?”

“ఏం లేదు బావా. ఆవిరి పడుతోందా లేదా అని.”

“పడిందా?”

“పడింది.”

“అయితే ఫో.”

పోయాడు. గుమ్మం దాకా పోయి, మళ్ళీ తొంగి చూశాడు.

మా ఆవిడ ఉన్నప్పుడు మా ఇద్దరికీ మధ్య ఆవిడ ఉండేది. “మీ తమ్ముడికి చెప్పు” అంటే చెప్పేది. “బావకి చెప్పక్కా” అంటే చెప్పేది. ఆవిడ పోయాక ఇద్దరు మగవాళ్ళం, ఒక వంటగది. పొద్దున వంట నాది, సాయంత్రం వంట వాడిది. ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని ఎవరి గదిలోకి వాళ్ళు పోయేవాళ్ళం. ఏడాది తిరిగిన రోజున కూడా ఇంట్లో ఒకరికొకరు ఎదురుపడకుండా తిరిగాం. మూడు గదుల ఇంట్లో అది తేలికైన పని కాదు.

ఇక బాయిలర్ గది. అందులోకి ఊరికే ఎవరూ రారు. ఒక బాయిలర్, ఒక నీళ్ళ పంపు, ఒక కుర్చీ, గోడకి ఒక పాత ఫోను, బల్ల మీద రిజిస్టరు. గంటగంటకీ ప్రెషర్ ఎంత, గాజుగొట్టంలో, దాన్ని మేం గ్లాసంటాం, నీళ్ళు ఎంత అని రాయాలి. పేజీలకి నంబర్లుంటాయి. చింపకూడదు. నేను మా పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. అక్కడ మా మేష్టారు నేర్పింది నాకు ఒక్కటే మిగిలింది: రాసింది కొట్టెయ్యకూడదు. కొట్టేస్తే చెయ్యి వాచేది.

రెండోసారి దడ ఆ గదిలోనే వచ్చింది. పళ్ళు బిగించాను. ఊపిరి బిగబట్టాను. పంపు గట్టిగా పట్టుకుని, రావద్దు రావద్దు అనుకున్నాను. ఎంత బిగిస్తే అంత పెరిగింది. తగ్గేసరికి ఒళ్ళంతా ఉతికి పిండినట్టయింది.

అప్పుడు డాక్టరమ్మ చెప్పిన పని గుర్తొచ్చింది. టైము వేసి రాయాలి. టైము వేసి ఏది రాయాలన్నా ముప్పై ఒక్క ఏళ్ళుగా నా చెయ్యి పోయే చోటు ఒక్కటే. రిజిస్టరు తెరిచి, చివర ఉన్న రిమార్కుల గడిలో రాసేశాను. అది ప్రభుత్వం చూసే పుస్తకమని ఆ క్షణంలో తట్టలేదు. తట్టేసరికి సిరా ఆరిపోయింది. కొట్టెయ్యను కదా. ఒకసారి రాశాక రెండోది రాయకపోతే మొదటిది అబద్ధంలా ఉంటుంది. అందుకని అన్నీ రాశాను.

సెలూను మానేశాను. తర్వాత బస్సు మానేశాను. తర్వాత నలుగురూ కూర్చుని తినే హాలు మానేశాను. ఎక్కడ వస్తుందో అని ఒక్కో చోటూ వదులుకుంటూ పోతే, చివరికి నాకు ఇల్లూ బాయిలర్ గదీ మిగిలాయి, మధ్యలో పావుగంట నడకా. గడ్డం పెరిగింది. అడిగినవాళ్ళకి చర్మం పాడైందని చెప్పాను.

నాలుగోసారో అయిదోసారో వచ్చినప్పుడు మాత్రం, బాయిలర్ మీదున్న సేఫ్టీ వాల్వు వైపు చూశాను. ప్రెషర్ ఎనిమిది దాటితే అది లేచి ఆవిరి బయటికి వదలాలి. స్ప్రింగు అలిసిపోతే అయిదుకే లేస్తుంది. బుస్సుమని గదంతా ఆవిరి. కొత్తవాళ్ళు బాయిలర్ పేలుతుందని పరిగెడతారు. పేలదు. ఏమీ కాదు. ప్రెషర్ గేజీ చూసుకుని, ఆవిరి పోయేదాకా పక్కన నిలబడాలి. నేను పని నేర్చుకున్న చోట ఒకడు ఆ చప్పుడు భరించలేక వాల్వుని తీగతో కట్టేశాడు. ఆ షెడ్డు తర్వాత లేదు. వాడూ లేడు.

నేను చేస్తున్నది తీగతో కట్టడమే అని తెలిసింది. పంపు వదిలేశాను. ఊపిరి వదిలాను, టీ ఊదినట్టు. గేజీ చూసి పైకి చదివాను: “ప్రెషర్ ఏడు. నీళ్ళు సగం గ్లాసు. కుర్చీ ఒకటి. ఫోను ఒకటి.” బయట ఎవరైనా వింటే పిచ్చెక్కిందనుకునేవాళ్ళు. పన్నెండు నిమిషాలకి దిగింది. వచ్చిన దారినే పోయింది. అది కూడా రాశాను.

ఎండలు ముదిరాక బాయిలర్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఏటా వస్తాడు. సన్నగా ఉంటాడు, మాట తక్కువ, కళ్ళజోడు నుదుటి మీద. ఆయన సరే అంటే ఇంకో ఏడాది. కాదంటే నేను మడతల బల్ల దగ్గర దుప్పట్లు మడత పెట్టుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిరి పెట్టినవాణ్ణి. ఆ బల్ల దగ్గర కూర్చోవడం కన్నా ఆ రోజు తెల్ల దుప్పటి కిందే ఉండిపోవడం నయం.

ఆయన వాల్వు చేత్తో ఎత్తి చూశాడు. గాజుగొట్టం చూశాడు. పంపు చూశాడు. కుర్చీలో కూర్చుని రిజిస్టరు తెరిచాడు. లాండ్రీ మేనేజరు పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఇన్‌స్పెక్టరు పేజీలు తిప్పుతూ, రిమార్కులు లెక్కపెట్టుకుంటూ, ఒక పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు కిందికి దించి, పైకి చదివాడు.

“పది యాభై ఆరు. గుండె దడ. చెమటలు. ఎడమ చెయ్యి తిమ్మిరి. చస్తాననిపించింది. ప్రెషర్ ఏడు. నీళ్ళు సగం గ్లాసు. పదకొండు ఎనిమిది. దిగింది. చావలేదు. ప్రెషర్ ఏడు.”

మేనేజరు నవ్వు ఆగిపోయింది.

“ఎవరిది ఇది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నేను నోరు తెరిచేలోగా తలుపు తోసుకుని హారన్ వచ్చాడు. ఎంతసేపటి నుంచి వింటున్నాడో.

“నాదేనండీ! ఆ దడ నాదే!”

“నువ్వెవరు?”

“వ్యాను డ్రైవర్నండీ.”

“వ్యాను డ్రైవరుకి బాయిలర్ గదిలో ఏం పని?”

హారన్ ఒక్క క్షణం ఆలోచించాడు. అది వాడికి అలవాటు లేని పని. “దడ వచ్చినప్పుడల్లా మా బావ దగ్గరికి వస్తానండీ.”

“పద్నాలుగు సార్లు?”

“మా బావంటే నాకు ప్రాణమండీ.”

“మరి చేతిరాత ఈయనది.”

“నాకు చెయ్యి తిమ్మిరెక్కుతుంది కదండీ. నేను చెప్తాను, మా బావ రాస్తాడు.”

“నోరు ముయ్యరా,” అన్నాను. “నాదేనండీ. అన్నీ నావే.”

ఇన్‌స్పెక్టరు హారన్‌ని బయటికి పొమ్మనలేదు. మేనేజర్ని పొమ్మన్నాడు. తర్వాత వేలు పెట్టి ఒక్కో పేజీ వెనక్కి చదువుకుంటూ పోయాడు. ఆయనకి అదే బతుకు. ఎక్కడో ఏదో లేచిందంటే, అదే టైముకి ఇంకో చోట ఏం జరిగిందో వెతుకుతాడు.

“ఎప్పుడు వచ్చినా పది యాభై ఆరు, పది యాభై ఏడు. దాని పై గీతలో ప్రతిసారీ ‘పది యాభై అయిదు, ఉతికే హాలు నుంచి ఫోన్, రెండో లోడుకి స్టీమ్ అడిగారు’ అని ఉంది. రాసింది మీరే. చూసుకోలేదా?”

చూసుకోలేదు. రాయడం నా పని, చదవడం ఆయన పని. సెలూనులో మోగిన ఫోను అప్పుడు గుర్తొచ్చింది. అదీ ఇలాంటి పాత గంటే.

“ఆ ఫోనుకి ఏమైంది?” అన్నాడు.

“ఏమీ లేదండీ.”

“ఏమీ లేకపోతే పద్నాలుగు సార్లు లేవదు.”

గోడ వైపు చూస్తూ చెప్పాను. “పోయినేడు ఇదే రోజుల్లో ఇంటి నుంచి ఫోను వచ్చింది. మా ఆవిడకి.”

ఆయన అలమారలోంచి పాత రిజిస్టరు తీయించాడు. తేదీ అడిగాడు. చెప్పాను. ఆ పేజీ మాత్రం పైకి చదవలేదు. నాకు చదవక్కర్లేదు. పది యాభై అయిదు, ఇంటి నుంచి ఫోన్. పదకొండు, ప్రెషర్ ఏడు. పన్నెండు, ప్రెషర్ ఏడు. ఒంటిగంట, ప్రెషర్ ఏడు. రెండు, డ్యూటీ దిగాను.

ఆవిడకి ఛాతీలో ఇబ్బందిగా ఉందని హారన్ చెప్పాడు ఆ రోజు. వేడినీళ్ళు కాచి ఇవ్వు, డ్యూటీ దిగి వస్తా అన్నాను. మండుతున్న బాయిలర్ని వదిలి పోకూడదు, అది రూలు. ఆర్పేసి పోవచ్చు, అదీ రూలే. రెండో లోడు ఆగేది. అంతే.

హారన్ నేల చూస్తున్నాడు.

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసేశాడు. “నేను ఏటా వంద రిజిస్టర్లు చూస్తాను. అన్నింట్లోనూ ఏడు, ఏడు, ఏడు. సగం మంది టీ కొట్లో కూర్చుని ఒక్కసారే రాసేస్తారు. తన చెయ్యి తిమ్మిరెక్కిందని రాసినవాణ్ణి చూళ్ళేదు.” అని కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. “కానీ రాశారు కాబట్టి వదలకూడదు. పదిహేను రోజులు సీటు దిగండి. బాయిలర్ దగ్గర ఉండొచ్చని డాక్టరు చేత రాయించుకు రండి. తేకపోతే వేరేవాళ్ళని పెట్టుకుంటారు.”

మర్నాడే పక్క మిల్లు నుంచి ఒకణ్ణి తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టారు. వాడు ఈల వేస్తూ గేజీ చూస్తాడట. హారన్ చెప్పాడు. కాళ్ళు బల్ల మీద పెడతాడని కూడా చెప్పాడు. నన్ను ఓదార్చడానికి చెప్పానన్నాడు.

డాక్టరమ్మకి రిజిస్టరు పేజీల నకలు చూపించి, ఇన్‌స్పెక్టరు పట్టుకున్నదీ చెప్పాను. “ఇంత బాగా ఎవరూ రాయలేదండీ,” అంది.

“మీరు రాయమన్న ఒక గడి రాయలేదు. ముందు ఏం జరిగిందనేది.”

“అది ఇన్‌స్పెక్టరు గారు కనిపెట్టారుగా. ఇప్పుడు ఆ గంటకి దూరంగా పారిపోవద్దు. రోజూ వినండి. రానివ్వండి, దిగనివ్వండి. గంట మోగినా ఏమీ కాదని మీ ఒంటికి తెలియాలి. మీరు నమ్మే మనిషెవరైనా రోజూ అదే టైముకి ఫోన్ చేస్తే మంచిది.”

“అలాంటి మనిషి లేడు.”

“ఇంట్లో ఎవరున్నారు?”

“బామ్మర్ది.”

“ఆయన చాలు.”

హారన్ నా సెల్లుఫోనులో ఆ పాత గంటే పెట్టాడు. మొదటి రోజు పది యాభై అయిదుకి ఎక్కడో రోడ్డు మీద నుంచి కొట్టాడు. గంట మోగింది. గుండె లేచింది. కుర్చీ పట్టుకుని ఊదుతూ కూర్చున్నాను. ఫోను ఎత్తలేకపోయాను. తొమ్మిది సార్లు కొట్టాడు. పదోసారి ఫోను బదులు మనిషే దిగాడు, దుప్పట్ల బండితో సహా.

“తెల్ల దుప్పటి కప్పావంటే చంపుతా,” అన్నాను ఊదుతూనే.

“తెల్లది కాదు బావా. ఈసారి ఆపరేషన్ థియేటర్ది, పచ్చది తెచ్చా.”

ఎదురింటాయన కుర్చీలు తీయబోయి, ఆగి, నేను కిటికీలో కనిపిస్తానేమోనని కాసేపు చూశాడు. మనిషి అనుభవంతో నేర్చుకుంటాడు.

రెండో రోజు ఎత్తాను.

“బావా, ఏం లేదు.”

“ఏం లేకపోతే ఎందుకు చేశావు?”

“ఏం లేదని చెప్పడానికే.”

“సరే, పెట్టెయ్.”

మూడో రోజు వ్యాను టైరు సంగతి చెప్పాడు. నాలుగో రోజు ఈలవాడు గాజుగొట్టం తుడవడం లేదని చెప్పాడు, అరగంట మాట్లాడుకున్నాం. ఒకే ఇంట్లో ఏడాదిగా పది మాటలు ఆడుకోని వాళ్ళం, ఫోనులో రోజూ మాట్లాడుకున్నాం. దడ వచ్చేది. పది నిమిషాలు, ఎనిమిది నిమిషాలు. నోటుబుక్కులో రాసుకున్నాను. బస్సు ఎక్కాను. సెలూనుకి పోయి గడ్డం గీయించుకున్నాను, రెండు చెంపలూ. సెలూనతను ఫోను తీసి సొరుగులో దాచబోతే వద్దన్నాను.

తొమ్మిదో రోజు గంట మోగింది. ఎత్తాను.

“బావా, ఏం లేదు.”

ఎందుకన్నానో తెలీదు. “ఆ రోజు కూడా ఏం లేదని చెప్తే సరిపోయేది కదరా,” అన్నాను. “ఇబ్బందిగా ఉందని నువ్వు చెప్పావు. నేనే రాలేదు. వచ్చుంటే మీ అక్క బతికేది.”

వెనకాల బండ్లు హారన్లు కొడుతున్నాయి. వాడు వ్యాను రోడ్డు మధ్యలో ఆపేసినట్టున్నాడు.

“బావా.”

“చెప్పు.”

“నేను నీకు ఫోన్ చేసేటప్పటికే అయిపోయింది.”

“ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో పోయిందన్నావు.”

“ఆటోలో కాదు. వంటింట్లో. నేను మేడ దిగేసరికే. నీకు ఫోన్‌లో ఎలా చెప్పను? నువ్వు ఆ బాయిలర్ దగ్గర ఒక్కడివే ఉన్నావు. ఇబ్బందిగా ఉందని చెప్తే పరిగెత్తుకొస్తావు, ఇంటికొచ్చాక చెబుదామనుకున్నా. నువ్వు వేడినీళ్ళన్నావు. ఇంక నోరు రాలేదు బావా.”

వెనకాల ఎవడో వాణ్ణి తిడుతున్నాడు. బండి తియ్యరా అంటున్నాడు.

“నీళ్ళు?” అన్నాను.

“ఏ నీళ్ళు?”

“కాచి ఇమ్మన్నాను కదా.”

“కాచాను. ఎందుకు కాచానో నాకే తెలీదు. గ్లాసులో పోసి అక్క పక్కనే పెట్టాను.”

లైనులో హారన్లు ఎక్కువయ్యాయి. తర్వాత, “బండి తియ్యి, జనం తిడుతున్నారు,” అని పెట్టేశాను.

నోటుబుక్కు తెరిచి టైము వేశాను. పదకొండు నాలుగు. పక్కన ఏం రాయాలో చూసుకుంటే, దడ వచ్చిందో లేదో గమనించలేదు. ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఆ సాయంత్రం వాడు కంచం పట్టుకుని మేడ ఎక్కలేదు. నా ఎదురుగా కూర్చున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైంది. చెప్పాను. “రేపు తగ్గిస్తా బావా,” అన్నాడు గుసగుసగా. పక్కింట్లోంచి ఎవరో నవ్వారు.

పదిహేనో రోజున డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది. మీ బామ్మర్దిని క్షమించారా అని అడిగింది. వాడు ఆమెకి కూడా అన్నీ చెప్పేసి ఉంటాడు. క్షమించలేదన్నాను. ఏడాదిపాటు నా చేత నన్నే హంతకుణ్ణి అనిపించాడు. ఒక్క మాట చెప్తే పోయేది. వాడికి అంత పెద్ద నోరు దేనికి? కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

ఈలవాడు పోయాడు. నా కుర్చీ నాకు వచ్చింది. బల్ల మీద వాడి కాళ్ళ మరకలు తుడవడానికి రెండు రోజులు పట్టింది. తర్వాత కూడా రెండుసార్లు వచ్చింది: ఆరు నిమిషాలు, నాలుగు నిమిషాలు. రాశాను. మళ్ళీ రావచ్చు. వస్తే గేజీ చూసుకుంటూ నిలబడతాను, పోతుంది.

హారన్ ఇంకా రోజూ పది యాభై అయిదుకి గోడ ఫోనుకి కొడతాడు. లైను దొరక్క, స్టీమ్ అడగలేక, హాలు సూపర్‌వైజరమ్మ మా ఇద్దర్నీ కలిపి తిడుతుంది. నేను ఎత్తుతాను. “ఏం లేదు బావా” అంటాడు. “సరే” అంటాను. పెట్టేస్తాను.

ఆ రోజు సంగతి మాత్రం వాడూ మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఎత్తను. రిజిస్టర్లో ఉన్నది ఉంది, చూడాలంటే ఇన్‌స్పెక్టర్ని అడిగి చూసుకోండి. రిజిస్టర్లో లేనిది ఇప్పుడు ఇక్కడ ఒక్కసారి చెప్పాను. ఇంకెప్పుడూ చెప్పను. నన్నెవరూ అడగొద్దు.